సైక్లోక్రాస్ ఫ్రేమ్ కట్టించుకుంటున్నారా, ముందు బ్రేకుల లెక్క తేల్చుకోండి

కస్టమ్ సైకిల్ కట్టించుకుందాం అనుకున్నవాళ్ళు ఎవరైనా ముందు ట్యూబుల గురించి, రంగు గురించి, గేర్ల గురించి మాట్లాడతారు, బ్రేకులు చివర్లో చూసుకుందాంలే అనుకుంటారు. చక్రం అంచుని పట్టుకునే రిమ్ బ్రేకుల రోజుల్లో అలా నడిచిపోయేది. డిస్క్ బ్రేకులకి కుదరదు, ఎందుకంటే కాలిపర్, అంటే ప్యాడ్లతో డిస్క్‌ని నొక్కే భాగం, కూర్చునే చోటు ఫ్రేమ్‌లోనే ఉంటుంది, బిల్డర్ వెల్డింగ్ టార్చ్ వెలిగించి ఆ ముక్క అతికించేశాడంటే మీ కాలిపర్ ఏదో, రోటర్ అనే ఆ డిస్క్ ఎంత సైజో, చాలావరకు లివర్లు ఏవో కూడా అక్కడే ఖాయమైపోయినట్టే. అందుకే నేను ఎవరడిగినా చెప్పేది ఒకటే, ఫ్రేమ్ డ్రాయింగ్‌కి ఓకే చెప్పకముందే బ్రేకుకి సంబంధించిన ప్రతి పార్టూ మోడల్ నంబరుతో సహా రాసి బిల్డర్ చేతిలో పెట్టండి. చేతులు కాలాక ఆకులు పట్టుకుంటే ఇక్కడ ఖర్చు మామూలుగా ఉండదు, పెయింట్ కూడా గీకించుకోవాల్సి వస్తుంది.

నేనుండేది ఆరెగన్‌లో, పోర్ట్‌లాండ్ పక్కన హిల్స్‌బొరోలో. ఇక్కడి ఆఫీసుల్లో మన తెలుగువాళ్ళు బాగానే ఉన్నారు గానీ సైక్లోక్రాస్ అంటే ఏంటి అని అడిగేవాళ్ళే ఎక్కువ, కాబట్టి రెండు ముక్కల్లో చెప్పేస్తా. రెండున్నర నుంచి మూడున్నర కిలోమీటర్ల చుట్టు ఒకటి ఉంటుంది, గడ్డి, బురద, ఇసుక, మెట్లు, దారికి అడ్డంగా 40 సెంటీమీటర్ల దాకా ఎత్తుండే పలకలు, వీటన్నిటి మీదుగా పెద్ద కేటగిరీ వాళ్ళు ఒక గంట, మిగతావాళ్ళు ముప్పావుగంట అటూఇటూ తిరుగుతూనే ఉంటారు, తొక్కలేని చోట దిగి సైకిల్ భుజానేసుకుని పరిగెత్తడమే. చూడ్డానికి రోడ్ బైక్‌లానే ఉంటుంది, వంపు హ్యాండిల్‌బారే, టైర్ మాత్రం కాస్త వెడల్పు, అంతర్జాతీయ సైక్లింగ్ సంఘం యూసీఐ రేసుల్లో 33 మిల్లీమీటర్లకి మించకూడదు. బెల్జియం, నెదర్లాండ్స్ వాళ్ళకి ఇది ప్రాణం. పోర్ట్‌లాండ్‌లో క్రాస్ క్రుసేడ్ అని పెద్ద సిరీస్ జరుగుతుంది, సరిగ్గా ఇక్కడ వానలు పట్టుకునే టైమ్‌కి మొదలవుతుంది, అంటే బురద గ్యారంటీ.

ఆ బురదే ఈ మొత్తం కథకి మూలం. పాత క్రాస్ బైకులకి క్యాంటిలీవర్ బ్రేకులుండేవి, రిమ్‌కి రెండు పక్కలా చేతులు చాచినట్టు. బురద ఇరుక్కోకుండా జాగా ఉండేది నిజమే గానీ తడి రిమ్ మీద ప్యాడ్ పడ్డాక మొదటి చుట్టు నీళ్ళు తుడవడానికే సరిపోయేది, ఆ తర్వాత గానీ పట్టు దొరికేది కాదు. యూసీఐ 2010లో సైక్లోక్రాస్‌లో డిస్క్ బ్రేకులకి అనుమతిచ్చింది. రోడ్ రేసుల్లో పూర్తి అనుమతి 2018లో గానీ రాలేదు, అంటే వంపు హ్యాండిల్ బైకుల్లో డిస్క్‌కి దారి తీసింది క్రాసే. అప్పటికి లివర్లు, కాలిపర్లు, చక్రం మధ్యలో ఉండే హబ్బులు దేని లెక్క దానిదే, ఒక్కో కంపెనీ ఒక్కో దారి పట్టింది, ఆ గందరగోళం ఇప్పటికీ సెకండ్ హ్యాండ్ మార్కెట్లో బతికే ఉంది. పాత పార్టులు ఇంట్లో ఉన్నాయి కదా అని వాటితో కొత్త ఫ్రేమ్ నింపుదాం అనుకునేవాళ్ళు దీన్ని బాగా గుర్తుపెట్టుకోవాలి.

చాలామంది కాలిపర్ నుంచి మొదలుపెడతారు, రివ్యూలు చదివి ఫలానాది బాగుందట అని కొనేస్తారు. నా పద్ధతి వేరు, మొదట లివర్ తేల్చుకోవాలి. వంపు హ్యాండిల్‌కి లివర్ అంటే బ్రేకూ అదే, గేర్ షిఫ్టరూ అదే, కాబట్టి లివర్ మారితే గేర్లన్నీ మారతాయి. అన్నిట్లోకీ ఖరీదైన పార్ట్ కూడా అదే. లివర్ తేలితే తీగతో లాగే కేబులా, ఆయిల్ ఒత్తిడితో నడిచే హైడ్రాలిక్కా అన్నది తేలిపోతుంది, దాంతో కాలిపర్ తేలుతుంది, కాలిపర్‌తో అది ఫ్రేమ్‌కి బిగుసుకునే మౌంట్ తేలుతుంది, మౌంట్‌తో రోటర్ సైజు తేలుతుంది.

ముందు కేబుల్ సంగతి. రోడ్ లివర్ నొక్కితే లాగే కేబుల్ తక్కువ, మౌంటెన్ బైక్ ఫ్లాట్ బార్ లివర్ లాగేది దాదాపు రెట్టింపు. అందుకే ఒకే పేరుతో రెండు రకాల కాలిపర్లు అమ్ముతారు. అవిడ్ బీబీ7 తీసుకోండి, రోడ్ అని ఒకటి, మౌంటెన్ అని ఇంకొకటి, పైకి చూస్తే అన్నదమ్ముల్లా ఉంటాయి, లోపల చెయ్యి కదిలే లెక్క వేరు. టీఆర్‌పీ కంపెనీలో స్పైర్ అంటే రోడ్ లివర్లకి, స్పైక్ అంటే ఫ్లాట్ బార్ లివర్లకి. ఇవి తారుమారైతే ఏమవుతుందో చెప్తా. రోడ్ లివర్‌కి మౌంటెన్ కాలిపర్ తగిలిస్తే లివర్ వెళ్ళి హ్యాండిల్‌బార్‌కి తగిలినా ప్యాడ్ పూర్తిగా పట్టదు, ప్యాడ్లని రోటర్‌కి అంటీఅంటనట్టు పెడితే గానీ ఆగదు, కాస్త బురద చేరిందంటే కర్రకర్రమని రాసుకుంటూనే ఉంటుంది. అదే ఫ్లాట్ బార్ లివర్‌కి రోడ్ కాలిపర్ అయితే లివర్ చెక్కలా గట్టిగా ఉంటుంది, ఎంత నొక్కినా పవర్ రాదు.

ఇది అమెరికాలో కస్టమ్ ఫ్రేముల వాళ్ళ సమస్య మాత్రమే కాదు. హైదరాబాద్‌లో మా బావమరిది ఫ్లాట్ బార్ హైబ్రిడ్ సైకిల్‌ని వంపు హ్యాండిల్‌కి మార్చుకుందామని షిమానో కంపెనీ క్లారిస్ లివర్లు తెప్పించుకున్నాడు, సైకిల్‌కి ముందునుంచీ ఉన్నవి కేబుల్ డిస్క్ బ్రేకులే కదా, అవే వాడుకోవచ్చా బావా అని అడిగాడు. ఆ ఉన్నవి ఫ్లాట్ బార్ లివర్ లెక్కకి చేసిన కాలిపర్లు, క్లారిస్ రోడ్ లివర్, కాబట్టి కాలిపర్లు మార్చి తీరాలి, స్పైర్ లాంటివి పెట్టుకోరా అని చెప్పా. మన దగ్గర ఇలా హైబ్రిడ్‌ని మట్టి, కంకర దారుల్లో తొక్కే గ్రావెల్ బైక్‌లా మార్చుకునేవాళ్ళు ఎక్కువయ్యారు, లివర్ల బడ్జెట్ వేసుకునేటప్పుడే కాలిపర్ల డబ్బు కూడా పక్కన పెట్టుకోండి.

కేబుల్ కాలిపర్లలో కూడా ఒక తేడా ఉంది. బీబీ7లో ఒక పక్క ప్యాడే కదులుతుంది, అది రోటర్‌ని కాస్త వంచి అవతలి ప్యాడ్‌కి నొక్కుతుంది. స్పైర్‌లో రెండు పక్కలా కదులుతాయి. రెండిట్లోనూ ప్యాడ్ అరుగుతుంటే దానంతట అది దగ్గరికి రాదు, మనమే జరపాలి, బీబీ7కి రెండు పక్కలా తిప్పే చక్రాలున్నాయి, స్పైర్‌కి అలెన్ కీ తో తిప్పుకోవాలి. ఇక్కడ చాలామంది కేబుల్ బిగుతు సర్దే బ్యారెల్ అడ్జస్టర్ తిప్పేసి సరిపెట్టుకుంటారు, అది వద్దు, అలా చేస్తే కాలిపర్ చెయ్యి సగం దూరం ముందే తిరిగేసి ఉంటుంది, మిగిలిన దూరంలో పవర్ తగ్గిపోతుంది. ప్యాడ్ అరిగితే ప్యాడే జరపండి. ఇంకొకటి, కేబుల్ డిస్క్ బాగా పని చెయ్యాలంటే కాలిపర్ కన్నా ముందు హౌసింగ్, అంటే కేబుల్ మీది తొడుగు మార్చండి. మామూలు బ్రేక్ హౌసింగ్ స్ప్రింగులా చుట్టిన తీగ, గట్టిగా నొక్కితే అది కూడా నలుగుతుంది, మన చేతి బలం కొంత అక్కడే పోతుంది. కంప్రెషన్‌లెస్ బ్రేక్ హౌసింగ్ అని దొరుకుతుంది, అది వేస్తే అదే కాలిపర్ వేరే బ్రేకులా అనిపిస్తుంది. గేర్ హౌసింగ్ కూడా నలగదు కదా అని దాన్ని వెయ్యకండి, లోపలి తీగలు నిలువుగా ఉంటాయి, బ్రేక్ ఒత్తిడికి పగిలిపోతుంది, ప్రాణం మీదకి వస్తుంది.

మధ్యేమార్గం ఒకటుంది, టీఆర్‌పీ హైరోడ్. లివర్ నుంచి కాలిపర్ దాకా కేబులే, కాలిపర్ లోపల మాత్రం ఆయిలు, పిస్టన్లు. పాత కేబుల్ లివర్లు వదులుకోలేనివాళ్ళకి మంచి దారి, ప్యాడ్ అరిగితే అదే సర్దుకుంటుంది కూడా. కానీ దీనికి ఒక షరతు, లివర్ వదిలేసినప్పుడు కాలిపర్ చెయ్యి పూర్తిగా వెనక్కి రావాలి. కేబుల్ కాస్త బిగుతుగా కట్టారంటే లోపల ఆయిల్ ట్యాంకుకి వెళ్ళే రంధ్రం మూసుకునే ఉంటుంది, ఆ సర్దుకోవడం జరగదు, ఇక బ్రేక్ బాలేదు అని తిట్టుకోవడమే మిగులుతుంది. కట్టేటప్పుడు చెయ్యి కదలకుండా పట్టుకోవడానికి దాని మీదే లాక్ బోల్ట్ ఇచ్చారు, అది వాడి కేబుల్ కట్టి, తర్వాత దాన్ని వదులు చెయ్యడం మర్చిపోకండి.

నేను పూర్తి హైడ్రాలిక్‌కే వెళ్ళా. క్రాస్‌లో బ్రేక్ పని సైకిల్‌ని టక్కున ఆపడం కాదసలు, స్పీడ్ ఎలాగూ తక్కువే, తక్కువ గాలి పెట్టిన టైర్ బురదలో జారిపోయే అంచున ఉంటుంది, అక్కడ ఒక్క వేలితో ఎంత కావాలో అంతే నొక్కగలగాలి. చలికి వేళ్ళు కొయ్యబారిన చివరి ల్యాపుల్లో హైడ్రాలిక్ విలువ తెలుస్తుంది, పైగా ల్యాప్ ల్యాప్‌కీ ప్యాడ్ అరుగుతున్నా లివర్ పట్టు దాదాపు అలాగే ఉంటుంది.

ఐతే హైడ్రాలిక్‌లో జతలు కలపడం ఇంకా జాగ్రత్తగా చూడాలి. మొదటిది ఆయిల్. షిమానో, టీఆర్‌పీ, క్యాంపగ్నోలో వాడేది మినరల్ ఆయిల్, స్రామ్ రోడ్ బ్రేకుల్లో డాట్ ఫ్లూయిడ్. ఒకదాని సీల్స్ ఇంకోదాని ఆయిల్‌కి తట్టుకోవు, ఉబ్బిపోయి పాడవుతాయి, కాబట్టి షిమానో లివర్‌కి స్రామ్ కాలిపర్ అనే ఆలోచనే రానివ్వకండి. డాట్‌కి ఉన్న సుఖం ఏంటంటే మన ఊళ్ళో ఏ మోటార్‌సైకిల్ స్పేర్ పార్టుల షాపులో అడిగినా డాట్ 4 దొరుకుతుంది, షిమానో మినరల్ ఆయిల్‌కి ఆర్డర్ పెట్టి ఆగాలి. కష్టం ఏంటంటే డాట్ గాల్లో తేమని పీల్చుకుంటుంది, సీలు తీసిన డబ్బా అలా అటక మీద ఉంచుకుని వచ్చే ఏడాది పొయ్యకూడదు, పెయింట్ మీద పడితే పెయింట్ లేచిపోతుంది. డాట్ 5 అని రాసున్నది మాత్రం సిలికాన్, అది అసలు వేరే జాతి, వీటిల్లో పొయ్యకూడదు.

రెండోది లివర్‌లో ఆయిల్‌ని నెట్టే మాస్టర్ సిలిండర్‌కీ కాలిపర్‌లో ఉన్న పిస్టన్‌కీ ఉండే నిష్పత్తి. ఒకే కంపెనీ అయినా మౌంటెన్ కాలిపర్ తెచ్చి రోడ్ లివర్‌కి పెడితే కొన్ని బాగా పనిచేస్తాయి, కొన్నిటికి లివర్ దూరం ఎక్కువైపోతుంది. షిమానో, స్రామ్ రెండూ ఏ లివర్‌కి ఏ కాలిపర్, ఏ హోస్ (ఆయిల్ వెళ్ళే గొట్టం), ఏ రోటర్ అని కంపాటిబిలిటీ చార్టులు ఇస్తాయి, ఉచితంగానే. రేసు బైక్ మీద ప్రయోగాలు వద్దు, చార్టులో ఉన్న జతే కొనండి. హోస్ కూడా అందులో భాగమే, చివర్లో హోస్ లోకి దూరే పిన్ను, దాని చుట్టూ నొక్కుకునే చిన్న లోహపు ఉంగరం, దాన్ని ఆలివ్ అంటారు, ఇవి ఒక్కో కంపెనీకి ఒక్కో రకం, దగ్గరగా ఉన్నాయి కదా అని దూర్చేస్తే మొదట్లో బానే ఉండి గట్టిగా నొక్కినప్పుడు చెమ్మ కారుతుంది.

సెకండ్ హ్యాండ్ లివర్లు కొనేవాళ్ళకి ఒక హెచ్చరిక. 2013 డిసెంబర్‌లో స్రామ్ తన మొదటి తరం హైడ్రాలిక్ రోడ్ బ్రేకుల్ని, రెడ్ 22, ఎస్-700 రెండిటినీ వెనక్కి పిలిపించింది. అది బయటపడింది క్రాస్ రేసుల్లోనే, గడ్డకట్టే చలిలో మాస్టర్ సిలిండర్ సీల్స్ ప్రెషర్ నిలబెట్టుకోలేకపోయాయి, లివర్ ఖాళీగా లోపలికొచ్చేసింది. వెంటనే ఆ బైకులు తొక్కడం ఆపేయమని కంపెనీయే చెప్పింది. తర్వాత వచ్చినవి వేరే డిజైన్, వాటి మీద పదేళ్ళుగా జనం రేసులు తొక్కుతున్నారు. చవగ్గా వస్తుందని ఆ కాలం లివర్లు ఆన్‌లైన్‌లో కనిపిస్తే మాత్రం మోడల్, తయారీ తేదీ చూడకుండా ముట్టుకోకండి.

నేను ఎంచుకున్నది షిమానో జీఆర్‌ఎక్స్, 11 స్పీడ్, పెడల్స్ దగ్గర ఒక్కటే పళ్ళచక్రం (చైన్‌రింగ్). అక్కడ చైన్‌ని మార్చే డిరైలర్ లేదు కాబట్టి ఎడమ చేతికి షిఫ్టర్ లేని, బ్రేక్ మాత్రమే ఉన్న లివర్ దొరుకుతుంది. 10 స్పీడ్ చాలు, ఖర్చు తగ్గాలి అనుకునేవాళ్ళకి జీఆర్‌ఎక్స్ 400, టియాగ్రా 4720 లివర్లున్నాయి, వాటి హైడ్రాలిక్ కూడా బాగుంటుంది.

ఇక్కడే ఇంకో నిర్ణయం ఉంది, ఏ చేతికి ఏ బ్రేకు. అమెరికాలో అమ్మే సైకిళ్ళకి ఎడమ చెయ్యి ముందు బ్రేకు. మన ఊళ్ళో బండి నడిపినవాళ్ళకి ముందు బ్రేకు కుడి చేతికే అలవాటు. క్రాస్‌లో ఆ అలవాటు వరమే, ఎలాగంటే పలకల ముందు దిగేటప్పుడు కుడి కాలు వెనకనుంచి ఇవతలికి తిప్పేసి ఎడమ పెడల్ మీద ఒంటికాలితో నిలబడతాం, కుడి చెయ్యి ఫ్రేమ్ పై గొట్టం (టాప్ ట్యూబ్) పట్టుకోవడానికి వెళ్ళిపోతుంది, అప్పుడు హ్యాండిల్ మీద మిగిలేది ఎడమ చెయ్యే. ఆ చేతికి ముందు బ్రేకు ఉందనుకోండి, ఒంటి పక్కన నిలబడి ముందు చక్రం నొక్కాల్సి వస్తుంది, బురదలో అది ఎటు పోతుందో చెప్పలేం. ఎడమ చేతికి వెనక బ్రేకు ఉంటే కొంచెం కొంచెం నొక్కుతూ అడుగు కింద పెట్టొచ్చు. కాబట్టి నాది కుడి ముందు, ఎడమ వెనక. హైడ్రాలిక్‌లో ఇది తర్వాత మార్చాలంటే హోసులు ఊడదీసి, కోసి, మళ్ళీ లోపలి గాలి తీసేసి ఆయిల్ నింపాలి, అంటే బ్లీడ్ చెయ్యాలి, ఫ్రేమ్ లోపలినుంచి హోస్ వెళ్ళేటట్టయితే ఏ రంధ్రం ఏ పక్క ఉండాలన్నది కూడా దీని మీదే ఆధారపడుతుంది. ఈ సంగతి బిల్డర్‌కి చెప్తే ఆయన ఫ్రేమ్ కింది వాలు గొట్టం (డౌన్ ట్యూబ్)లో హోస్ దూరే చోటు ఆ లెక్కకి జరిపి, హ్యాండిల్ కింద ఉండే హెడ్ ట్యూబ్ దగ్గర మెలిక పడకుండా చూశారు.

ఇక మౌంట్. మూడు రకాలు. పాతది ఐఎస్, ఫ్రేమ్‌కి ఒక పలచని రెక్క, దానికి 51 మిల్లీమీటర్ల దూరంలో రెండు రంధ్రాలు, బోల్టులు పక్కనుంచి వెళ్తాయి. తర్వాతది పోస్ట్ మౌంట్, 74 మిల్లీమీటర్ల దూరంలో ఫ్రేమ్‌లోనే మర ఉన్న రెండు దిమ్మెలు, కాలిపర్ వాటి మీద నిలువుగా బిగుస్తుంది. షిమానో 2014లో తెచ్చింది ఫ్లాట్ మౌంట్, కాలిపర్ చిన్నది, వెనక చక్రం ఇరుసు దాకా వెళ్ళే కింది గొట్టం (చైన్‌స్టే) మీద బల్లిలా అతుక్కుని ఉంటుంది, వెనక బోల్టులు చైన్‌స్టే కింద నుంచి పైకి వస్తాయి. ఐఎస్ ఫ్రేమ్‌కి అడాప్టర్ వేసి పోస్ట్ మౌంట్ కాలిపర్ పెట్టడం తేలిక, అందరూ చేసేదే. పోస్ట్ మౌంట్ ఫ్రేమ్ మీద ఫ్లాట్ మౌంట్ కాలిపర్ పెట్టడానికి కూడా అడాప్టర్లున్నాయి. తిరగేసి ఫ్లాట్ మౌంట్ ఫ్రేమ్‌కి పోస్ట్ మౌంట్ కాలిపర్ పెట్టాలంటే తిప్పలు మొదలవుతాయి, చోటు చాలదు, అన్ని ఫ్రేములకీ కుదరదు. అందుకే ఇంట్లో మంచి పోస్ట్ మౌంట్ కాలిపర్లుండి వాటినే వాడాలనుకుంటే ఫ్రేమ్ పోస్ట్ మౌంటో ఐఎస్సో కట్టించుకోండి, అందులో చిన్నతనం ఏం లేదు. స్టీల్ ఫ్రేమ్‌కి ఐఎస్ రెక్క చాలా మంచిదని నా అభిప్రాయం కూడా, అడాప్టర్‌తో సైజు మార్చుకోవచ్చు, కాలిపర్ అటూఇటూ జరపడానికి జాగా ఎక్కువ.

మరి నేను ఫ్లాట్ మౌంట్ ఎందుకు తీసుకున్నానంటే, కొత్తగా వచ్చే వంపు హ్యాండిల్ హైడ్రాలిక్ కాలిపర్లన్నీ దాదాపు ఫ్లాట్ మౌంట్‌లోనే వస్తున్నాయి, ఇంకో పదేళ్ళు తొక్కాల్సిన ఫ్రేమ్‌కి విడి భాగాలు దొరకాలి కదా. కానీ ఇది కచ్చితత్వం అడుగుతుంది. అటూఇటూ జరపడానికి ఉండే జాగా తక్కువ, ఆ రెండు ముఖాలు రోటర్‌కి సరిగ్గా లంబంగా లేకపోతే ప్యాడ్ ఒక మూలే తగులుతుంది. వెల్డ్ వేడికి స్టీల్ కాస్తైనా లాగుతుంది, పైన పౌడర్ కోట్ పడితే అదొక పొర. అందుకే పెయింట్ అయ్యాక మౌంట్ ఫేసింగ్, అంటే ఆ ముఖాల్ని కట్టర్‌తో చదును చెయ్యాలని ముందే మాట్లాడుకోండి. నా ఫ్రేమ్‌కి అది చేస్తుంటే పక్కనే నిలబడి చూశా, యాక్సిల్ (ఇరుసు) స్థానంలో కడ్డీ బిగించి, దాన్ని ఆధారం చేసుకుని కట్టర్‌ని చేత్తో మెల్లగా తిప్పుతుంటే ముందు రంగు పొట్టులా లేచింది, తర్వాత ఒక మూల మాత్రమే వెండిలా మెరిసింది, రెండో మూల ఇంకా రంగుతోనే ఉంది, అంటే అంతమేర ఒరిగి ఉందన్నమాట, ఇంకాస్త తిప్పాక ముఖం మొత్తం ఒకే మెరుపు వచ్చింది. అక్కడ ఆపి, తుప్పు పట్టకుండా గ్రీజు రాశారు. కంటికి కనపడనంత ఒరుగు అది, కానీ ప్యాడ్‌కీ రోటర్‌కీ మధ్య ఉండే సందు మిల్లీమీటరులో చిన్న వంతు, అక్కడ ఆ ఒరుగు చాలు రోజంతా కీచుమనడానికి.

వెనక బోల్ట్ పొడుగు కూడా ఫ్రేమ్‌ని బట్టే. షిమానో లెక్క ప్రకారం చైన్‌స్టే మందానికి 13 కలపాలి, 20 మిల్లీమీటర్ల మందం అయితే 33 బోల్ట్, 25 అయితే 38. మందం ఎంత వస్తుందో బిల్డర్‌ని అడిగి, ఫ్రేమ్ వచ్చాక వెర్నియర్ పెట్టి మీరే కొలిచి అప్పుడు ఆర్డర్ పెట్టండి, కాలిపర్ డబ్బాలో వచ్చేది మీకు సరిపోకపోవచ్చు. పొట్టిదైతే మరలు నాలుగే పడతాయి, అది బ్రేక్ బోల్ట్ అని గుర్తుంచుకోండి.

రోటర్ సైజు గురించి ఎక్కువ ఆలోచించకండి. ముందు 160 మిల్లీమీటర్లు, వెనక 140 చాలు క్రాస్‌కి. 160 అంటే అదే నొక్కుడుకి 140 కన్నా సుమారు ఏడో వంతు ఎక్కువ పట్టు. బరువున్నవాళ్ళు, కొండలు దిగేవాళ్ళు రెండూ 160 పెట్టుకోవచ్చు. చూడాల్సింది ఫ్రేమ్ ఏ సైజుకి కట్టారన్నది, అడాప్టర్‌తో సైజు పెంచొచ్చు గానీ తగ్గించలేం, 160కి నేరుగా కట్టిన పోస్ట్ మౌంట్‌కి 140 ఎప్పటికీ పట్టదు. ఫ్లాట్ మౌంట్‌లో వెనక 140 నేరుగా కూర్చుంటుంది, 160కి పలక వేస్తారు, ముందు చక్రం దగ్గర ఉండే పలకని తిప్పి పెడితే 140 కాస్తా 160 అవుతుంది. ఐఎస్‌లో ముందు వెనక లెక్క 20 మిల్లీమీటర్లు తేడా, ముందు 180కి వేసే అడాప్టరే వెనక 160కి పనికొస్తుంది, అందుకే వాటి మీద రెండు నంబర్లు రాసుంటాయి, చూసి భయపడక్కర్లేదు.

రోటర్ హబ్‌కి పట్టే పద్ధతి రెండు రకాలు, ఆరు బోల్టులది, మధ్యలో పళ్ళ మీద కూర్చుని ఒకే రింగుతో బిగిసే సెంటర్‌లాక్‌ది. సెంటర్‌లాక్ హబ్ మీద అడాప్టర్‌తో ఆరు బోల్టుల రోటర్ పెట్టొచ్చు, ఆరు బోల్టుల హబ్ మీద సెంటర్‌లాక్ రోటర్ పట్టదు. కొత్తగా హబ్ కొనేటట్టయితే ఈ ఒక్క కారణం చాలు సెంటర్‌లాక్ తీసుకోవడానికి. బిగింపు 40 న్యూటన్ మీటర్లు, గట్టిగానే బిగించాలి.

యాక్సిల్ కూడా బ్రేకు లెక్కలోదే. కాలిపర్ ఫోర్క్ కాలికి వెనక ఉంటుంది కాబట్టి ముందు బ్రేకు నొక్కినప్పుడు వచ్చే బలం యాక్సిల్‌ని కిందికి, అంటే యాక్సిల్ కూర్చునే గాడి (డ్రాపౌట్) నోటి వైపు నెడుతుంది. చేతి మీటతో బిగించే క్విక్ రిలీజ్ వదులుగా ఉంటే అది మంచిది కాదు. కస్టమ్ ఫ్రేమ్‌కి రంధ్రంలోంచి దూర్చి మరతో బిగించే త్రూ యాక్సిలే పెట్టించుకోండి, ముందు 12 బై 100, వెనక 12 బై 142, అంటే మందం, వెడల్పు మిల్లీమీటర్లలో. దాని మర కూడా 1.0, 1.5, 1.75 అని మూడు రకాలు, డ్రాపౌట్ ఏదైతే యాక్సిల్ అదే కొనాలి. పాత 135 క్విక్ రిలీజ్ చక్రాలున్నవాళ్ళు పారెయ్యక్కర్లేదు, 142 అంటే 135కి రెండు పక్కలా మూడున్నర చొప్పున గాడి లోతు కలిపినదే, రోటర్ ఉండే చోటు మారదు, చాలా హబ్బులకి చివరి మూతలు మార్చేస్తే సరిపోతుంది. మౌంటెన్ బైకుల వెడల్పాటి బూస్ట్ హబ్ చక్రాలు మాత్రం ఇందులోకి రావు.

ప్యాడ్లు ఆకారం బట్టి కొనాలి, మెటీరియల్ బట్టి ఎంచుకోవాలి. స్పైర్‌కి పట్టేది షిమానో పాత బీ01ఎస్ ఆకారం, ఎక్కడైనా దొరుకుతుంది, చవక, మన ఊళ్ళో ఉండేవాళ్ళకి ఇది పెద్ద ప్లస్. షిమానో ఫ్లాట్ మౌంట్‌కి కే, ఎల్ సిరీస్. రెజిన్ ప్యాడ్ చప్పుడు లేకుండా మెత్తగా పడుతుంది గానీ ఇసుక కలిసిన తడి బురదలో కరిగిపోతుంది. ఒక వాన రేసు అయ్యాక చక్రం తీసి కాలిపర్ లోకి టార్చ్ వేసి చూడండి, పొద్దున నిండుగా ఉన్న ప్యాడ్ సాయంత్రానికి ఇనప పలక మీద గోరంత పొరై ఉంటుంది, రెండు ప్యాడ్ల మధ్య ఉండే స్ప్రింగ్ కాళ్ళు రోటర్‌కి తగలబోతుంటాయి. మెటల్ ప్యాడ్ ఆ బురదని చాలా ఎక్కువ తట్టుకుంటుంది, కాస్త అరుస్తుంది, అరవనివ్వండి. ఐతే కొన్ని తక్కువ ధర రోటర్ల మీద రెజిన్ ప్యాడ్ ఓన్లీ అని చెక్కి ఉంటుంది, వాటి మీద మెటల్ ప్యాడ్ వేస్తే రోటరే అరిగిపోతుంది, కాబట్టి రోటర్ కొనేటప్పుడే ఆ అక్షరాలు వెతకండి. షిమానో రోటర్ కొత్తది 1.8 మిల్లీమీటర్లు, 1.5కి వచ్చిందంటే మార్చెయ్యాలి.

క్రాస్ వాళ్ళు ఎక్కువగా రెండు జతల చక్రాలు ఉంచుకుంటారు, పొడి నేలకి ఒక టైరు, బురదకి ఒక టైరు. ఆ రెండు జతలూ ఒకే హబ్ అయితే ప్రాణం సుఖం. వేర్వేరు హబ్బులైతే రోటర్ ఉండే చోటు వెంట్రుకవాసి తేడా వస్తుంది, చక్రం మార్చగానే రాసుకుంటుంది, రేసు మధ్యలో చక్రం మార్చుకునే పిట్‌లో కాలిపర్ వదులు చేసి సర్దుకునే టైమ్ ఎవరికుంటుంది. ఆరు బోల్టుల రోటర్‌కి కింద వేసే పలచని షిమ్ములు దొరుకుతాయి, వాటితో రెండో జతని మొదటి జతకి సమానంగా తెచ్చుకోవచ్చు, ఇంట్లో తీరిగ్గా చేసుకోవాల్సిన పని. చక్రం తీసినప్పుడు లివర్ నొక్కకండి, పిస్టన్లు బయటికొచ్చేస్తాయి, బైక్ కార్లో పెట్టేటప్పుడు ప్యాడ్ల మధ్య బ్రేకుతో వచ్చిన ప్లాస్టిక్ ముక్క పెట్టేయండి.

అన్నీ బిగించాక కాలిపర్ మధ్యలోకి తేవడానికి నేను చేసేది, వెనక తెల్ల కాగితం పెట్టి ముందునుంచి కాలిపర్ సందులోకి చూడ్డం, రోటర్‌కి రెండు పక్కలా తెల్ల గీత సమానంగా కనపడాలి. అలా కనపడేదాకా కొంచెం కొంచెం జరిపి, బోల్టులు ఒకటి మార్చి ఒకటి బిగిస్తూ 6 నుంచి 8 న్యూటన్ మీటర్లకి తేవాలి, ఒకే బోల్ట్ పూర్తిగా బిగిస్తే కాలిపర్ తిరిగిపోతుంది. తర్వాత ఖాళీ రోడ్డు మీద కాస్త స్పీడ్ అందుకుని, చక్రం లాక్ కాకుండా నడక వేగం దాకా తగ్గించడం, మళ్ళీ అందుకోవడం, ఒక్కో బ్రేకుకి ఇరవై ముప్పైసార్లు. ఇది చెయ్యకుండా కొత్త ప్యాడ్లతో నేరుగా బురదలోకి వెళ్తే ప్యాడ్ మీద పొర సరిగ్గా పట్టదు, మంచి బ్రేకు కూడా పేలవంగా ఉంటుంది. చైన్‌కి స్ప్రే లూబ్ కొట్టే అలవాటుంటే ఈ బైక్‌కి మానెయ్యండి, ఆ తుంపర ఒక్కటి రోటర్ మీద పడితే ప్యాడ్లు మార్చుకోవాల్సిందే, చుక్కల సీసా వాడండి, రోటర్ తుడవడానికి ఐసోప్రొపైల్ ఆల్కహాల్, శుభ్రమైన గుడ్డ చాలు.